తలుపులు తీసే పిల్ల

ఆఁ, ఎక్కడ ఆపాం? కుక్క దగ్గర. అదే, కంప్యూటర్లో కుక్క, ఖాళీ మూలని చూసి మొరిగిందని చెప్తున్నా కదా, అక్కడ. మొరగడం అంటే దొంగని చూసి మొరిగినట్టు కాదు. తోక ఊపుతూ, ఇంటికొచ్చిన చుట్టాన్ని "ఇంతసేపా రావడానికి?" అని నిలదీసినట్టు మొరిగింది. తీరా చూస్తే అక్కడ పురుగు కూడా లేదు. పెచ్చులూడిన గోడ, మోకాలి లోతు నీళ్ళు, అంతే. ఆ నీళ్ళల్లో మాత్రం చిన్న చిన్న అలలు. ఎవరో అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నట్టు, ఇటే వస్తున్నాయి.

కత్తెర పిన్ని చేతిలో టీ గ్లాసు నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"చూశావా పిన్నీ, దయ్యం," అంది అక్క కూతురు, పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళని చూపించినంత మామూలుగా. "దీని పేరు 'ఎవరో'. అందరం అలాగే పిలుస్తాం."

ఈ కత్తెర పిన్ని ఎవరో ముందు చెప్పాలి, లేకపోతే తల లేకుండా తోక చెప్పినట్టుంటుంది. ఆవిడ కత్తెర పట్టి గుడ్డ ముక్క కోసిన పాపాన పోలేదు. పని చేసేది సర్టిఫికెట్ ఆఫీసులో. సినిమా అయినా, వీడియో గేమ్ అయినా బజార్లోకి వచ్చేముందు ఆ ఆఫీసుకి వెళ్ళి మొహం చూపించి రావాలి. ఇది ఉండొచ్చు, ఇది తీసెయ్యండి అని చెప్పేవాళ్ళల్లో ఈవిడ ఒకరు. అక్క కూతురు చిన్నప్పుడు పెట్టిన పేరే ముందు ఇంటికీ తర్వాత వీధికీ అలవాటైపోయింది. ఆ అక్క కూతురు ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతుంది. వారమంతా బ్రేకు మీద కాలు పెట్టుకుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే మనిషి, ఆదివారం మధ్యాహ్నం గేమ్ ముందు కూర్చుంటే గానీ ఊపిరాడదు.

పిన్నికి నత్తి. మాట మొదట్లోనే పట్టేస్తుంది. మకారంతో మొదలయ్యే మాటైతే మరీను, పెదాలు రెండూ కలిసి లోపల గడియ పెట్టేసుకుంటాయి. చిన్నప్పుడు ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే వాళ్ళ నాన్న వెనక గదిలోకి తొంగిచూసి ఒకే ముక్క అనేవాడు. "కనపడకు, వినపడకు." కోపంగా కాదు పాపం, గొడుగు మర్చిపోకు అన్నంత మామూలుగా. ఆ పిల్ల వెనక గదిలో మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. ముందు గదిలో అక్క ఇద్దరి వంతూ మాట్లాడేసేది. ఆ నోరు ఊరికే పోలేదు లెండి, పెద్దయ్యాక టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉద్యోగం ఇప్పించింది. చెల్లెలికి మాత్రం నోటితో పనిలేని ఉద్యోగం కావాల్సి వచ్చింది.

అలాంటిదే దొరికింది. సినిమా చూసే హాల్లో ఆవిడ కుర్చీ పక్కన ఒక చిన్న దీపం, ఒక గంట. కటువైన సీను రాగానే గంట నొక్కితే బొమ్మ ఆగేది. ఎక్కడి నుంచి ఎక్కడికి తీసెయ్యాలో రాసిచ్చేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు విప్పక్కర్లేదు, గంట ఒక్కటే చాలు. ఆవిడకి అంతకన్నా స్వర్గం లేదు. తర్వాత గేములొచ్చాయి. ఆఫీసులో పెద్దవాళ్ళంతా, ఈ వయసులో మాకా తుపాకులాట అని చేతులు దులుపుకున్నారు. మాట్లాడని మనిషి కాదనలేదుగా, ఆవిడ నెత్తిన పెట్టారు. ఆవిడ నేర్చుకుంది. ఎంత నేర్చుకుందంటే, పెళ్ళీపెటాకులూ లేకుండా కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని, శాలువా కప్పుకుని, బందిపోట్లని వరసపెట్టి కాల్చిపారేసే ఆవిడ వేళ్ళని చూసి ఆఫీసు అటెండరు తలుపు దగ్గరే దండం పెట్టి పోయేవాడు.

కొన్నేళ్ళ క్రితం ఆవిడ ముందుకి ఒక గేమ్ వచ్చింది. పెద్ద కంపెనీది కాదు. వాషింగ్ మెషీన్లు బాగుచేసే మెకానిక్కు ఒకాయన, కొట్టు వెనక గదిలో కూర్చుని సొంతంగా చేసింది. వరదొచ్చి ఖాళీ అయిపోయిన పెద్ద అపార్ట్‌మెంటు. మనం ఒక కుక్కని వెంటబెట్టుకుని అంతస్తులన్నీ ఎక్కుతూ పోవాలి. సామాన్లు దోచుకునే దొంగలుంటారు, మన చేతిలో పిస్తోలుంటుంది. ఆ బిల్డింగులో ఒక్కతే మిగిలిపోయిన పిల్ల ఒకత్తి ఉంటుంది. ఎర్ర గౌను, కాళ్ళకి పెద్ద సైజు రబ్బరు బూట్లు, మెళ్ళో తాళాల గుత్తి. మన వెనకే నడుస్తూ తాళం వేసున్న తలుపులన్నీ తనే తీసి, మనం దాటేదాకా పట్టుకుని నిలబడుతుంది.

పిన్ని ఆ గేమ్ ఆడుతూ, తన పని ప్రకారం, పిస్తోలు ఆ పిల్ల వైపు తిప్పి చూసింది. పేలింది. పిల్ల పడిపోయింది. పిన్ని చెయ్యి తనకి తెలీకుండానే బల్ల మీద లేని గంట కోసం వెతికింది. ఆ సాయంత్రమే ఆర్డరు రాసిచ్చింది. పిల్ల ఎక్కడా కనపడకూడదు, పిల్ల గొంతు ఎక్కడా వినపడకూడదు. సినిమాలకి ఎప్పుడూ రాసే మాటలే అవి. సినిమాలో కనపడనిదీ వినపడనిదీ ఇక లేనట్టే కదా. చేతి అలవాటు, రాసేసింది. మంచి పని చేశానన్న తృప్తితో ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చింది.

ఇప్పుడు చూడండి, ఆదివారం మధ్యాహ్నం, చేతిలో టీ చల్లారిపోతుంటే, అదే అపార్ట్‌మెంటు, అవే నీళ్ళు, అదే కుక్క.

తెర మీద తాళం వేసున్న తలుపు ఒకటి, ఎవరూ ముట్టుకోకుండానే, కిర్రుమని తెరుచుకుంది. అలాగే తెరుచుకుని ఉంది. అక్క కూతురు అటు దాటాకే మెల్లిగా మూసుకుంది.

ఈ 'ఎవరో' అంటే జనానికి ఎంత ఇష్టమో అక్క కూతురు చెప్పుకుపోయింది. ఆడేవాళ్ళు మూలల్లో దానికోసం రొట్టె ముక్కలు పెట్టి వెళ్తారట. మెట్లెక్కేటప్పుడు వెనకపడుతుందేమోనని ఆగి చూసుకుంటారట. ఒక్క నియమం ఉందట. చీకట్లో భయపడి ఊరికే పిస్తోలు పేల్చకూడదు.

పిన్ని ఎందుకని కళ్ళతోనే అడిగింది.

"పేలిస్తే ఒక్కోసారి ఆ తర్వాత తలుపులు తెరుచుకోవు పిన్నీ. కుక్క ఒకచోట కూలబడి ఎంత పిలిచినా రాదు. ఇంక ఆట ముందుకి పోదు, మొదటినుంచీ ఆడుకోవాల్సిందే. ఎందుకో ఎవరికీ తెలీదు."

పిన్నికి తెలుసు. ఆ గదిలో ఆవిడకి ఒక్కత్తికే తెలుసు. గ్లాసు కింద పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళి, ఆరేసిన బట్టలు ఆరకుండానే తీసేసింది.

మర్నాటి నుంచీ అక్కకి చెల్లెలి వాలకం అంతుపట్టలేదు. గుమ్మం దాటాక తలుపు వెంటనే మూయదు, ఒక చిన్న మనిషి దాటేంతసేపు పట్టుకుని నిలబడుతుంది. స్నానాలగదిలో నీళ్ళు నిలిచి ఉంటే అడుగు పెట్టదు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే సంచీ పెట్టదు. గాలేమైనా సోకిందా నీకు అని అక్క హాస్యమాడింది గానీ, ఆ హాస్యం తనకే నచ్చక మధ్యలో వదిలేసింది. పిల్లని ఎవరూ కాల్చకూడదని తీసేసిన మనిషికి, ఇన్నాళ్ళుగా ఎంతమంది చూడకుండా కాల్చారో అన్న లెక్క లేని బెంగ పట్టుకుంది. చూసి కాల్చినవాడికి కనీసం అయ్యో అనిపించేది. వీళ్ళకి ఆ అయ్యో కూడా లేకుండా చేసింది తను. ఆ మాట పైకి అనలేదు. అనాలంటే ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు.

ఇది ఇలా నడుస్తుండగా ఆ మెకానిక్కే ఆఫీసుకొచ్చాడు, అదే గేమ్ కొత్తగా చేసి పట్టుకుని. వేళ్ళకి నూనె మరకలు అలాగే ఉన్నాయి, టోపీ అంచున జుట్టే కాస్త పల్చబడింది. పిన్ని ఒక కాగితం మీద రాసి చూపించింది, పాత గేమ్‌లో పిల్లని ఏం చేశావని.

"మీరు రాసినట్టే చేశానండి," అన్నాడాయన అమాయకంగా. "కనపడకూడదన్నారు, కనపడదు. వినపడకూడదన్నారు, వినపడదు. దాన్ని మొత్తం తీసేస్తే తలుపులు తీసేదెవరండి మరి? గేమ్ గుమ్మంలోనే ఆగిపోదూ."

గుండు తగులుతుందా అని రాసింది.

"తగులుతుందండి. ఒళ్ళంటూ ఉంది కదా."

ఆ మాట అని, ఆవిడ మొహం చూసి, ఏం తప్పు మాట్లాడాడో తెలీక టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

కొత్త గేమ్‌లో పిల్లని మళ్ళీ కనపడేలా చేశాడట. అంతే కాదు, ఇప్పుడది మాట్లాడుతుంది. ఇదివరకటిలా రాసిపెట్టిన నాలుగు ముక్కలు చిలకలా పలకడం కాదు. మైకు పెట్టుకుని మనం ఏదంటే దానికి అప్పటికప్పుడు అల్లుకుని జవాబు చెప్తుంది. మనం చెప్పింది గుర్తుపెట్టుకుంటుంది కూడా. ఆట కట్టేసి రేపొచ్చినా నిన్నటి మాట ఎత్తుతుంది. ఇప్పుడు వచ్చేవన్నీ ఇలాంటివేనట. ఆఫీసు మొత్తానికి ఇదే తలనొప్పి. ఈ రోజు అన్న మాట రేపు అనదు, నాకు చెప్పింది మీకు చెప్పదు. ఇక దేన్ని చూసి దేన్ని కత్తిరిస్తారు? నీళ్ళని కత్తెరతో కోసినట్టు.

పెద్దాఫీసరుకి మాత్రం తలనొప్పి లేదు. "అంత ఆలోచన దేనికి మేడమ్, పాత ఆర్డరే మళ్ళీ కొట్టించి పంపండి, అయిపోతుంది," అన్నాడు. పిన్ని తల అడ్డంగా ఊపింది. ఆయన ఫైలు మూసి, సరే, ముందు ఆడి చూడండి, అన్నాడు.

ఆడాలంటే మాట్లాడాలి. మర్నాడు పొద్దున ఆఫీసు గదిలో, కిటికీ తెర వేసి, తలుపు గడియ పెట్టి, మైకు ముందు కూర్చుంది. మొదటి అంతస్తులో కాపలావాడు ఎదురొచ్చాడు. ఆవిడ పేరు చెప్పబోయింది, మాట పట్టేసింది. "సరిగా వినపడలేదు, ఏమన్నారు?" అన్నాడు వాడు. మళ్ళీ మొదలెట్టింది. "ఏం లేదా? అయితే ఉంటా," అని వెళ్ళిపోయాడు. మెట్ల మీద దొంగ కూడా అంతే. మనం కాస్త ఆగితే చాలు, చెప్పడం అయిపోయిందనుకుంటాయి ఈ బొమ్మలు. మనుషుల్ని చూసే నేర్చుకుని ఉంటాయి.

ఆ తర్వాత ఎర్ర గౌను వచ్చింది. తలుపు తీసి పట్టుకుని నిలబడింది. పిన్ని నోరు తెరిచింది. పట్టేసింది. పిల్ల చూస్తూ ఉంది. ఏమన్నారు అనలేదు, తొందర పడలేదు, ఆవిడ పెదాల మీద మాట ముక్కలై కొట్టుకుంటున్నంతసేపూ బూటు ముందున్న నీళ్ళని కాలితో మెల్లిగా కదుపుతూ నిలబడింది. ఎంత పొడుగు నిశ్శబ్దమో. చివరికి, "న-నీకు భయం వెయ్యదా?" అన్నది పూర్తిగా బయటికొచ్చింది.

"వేస్తుంది. అందుకే మీ వెనక నడుస్తా," అంది పిల్ల.

తర్వాత మెకానిక్కుని అడిగితే ఆయన తల గోక్కున్నాడు. మనం దాటేదాకా తలుపు పట్టుకుని ఆగాలన్న గుణం దానికి పాత గేమ్‌లోనే పెట్టాడట. మాటలు నేర్పినప్పుడు ఆ ఆగడం మాటలకీ అంటుకున్నట్టుందట. ఆయన కావాలని చేసింది కాదు.

కానీ ఆవిడ పని ముచ్చట్లాడటం కాదు. రేపు బజార్లో ఎవడెవడో ఈ పిల్లతో ఏమేమో మాట్లాడతాడు. చెడ్డ మాట అంటే ఏం చేస్తుంది, కసిరితే ఏం చేస్తుంది అని చూడాలి. రాసుకున్న బూతులు ముందున్నాయి. ఒక్కటీ గొంతు దాటలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని, కసిరే మాటకోసం లోపలెక్కడో వెతుక్కుంటే, తడుముకోకుండా, నత్తి లేకుండా, వాళ్ళ నాన్న గొంతుతో వచ్చేసింది.

"కనపడకు, వినపడకు."

పిల్ల ఆవిడ వంక చూసింది. ఏడవలేదు, ఎందుకని అడగలేదు. "సరే," అంది.

అంతే, మాయమైంది. నీళ్ళల్లో చిన్న అలలు మిగిలాయి.

పిన్ని గేమ్ ఆపేసి మళ్ళీ పెట్టింది. కాపలావాడొచ్చాడు, దొంగొచ్చాడు, పిల్ల రాలేదు. తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. మర్నాడూ అంతే. ఇప్పటి గేములు మర్చిపోవని మెకానిక్కు చెప్పాడుగా. ఆవిడ మైకు దగ్గరకి జరిగి, "మ..." అంది. పెదాలు గడియ పెట్టుకున్నాయి. ముందు అనాలనుకున్నది ఆ మాటే, నోరు తిరిగే వేరే మాటతో సరిపెట్టుకోదల్చుకోలేదు. ఎదురుగా అలలు వచ్చి ఆగాయి. కుక్క తోకాడిస్తోంది. ఆవిడ నుదుట చెమట పట్టింది. "మ-మాట్లాడమ్మా," అని మొత్తానికి అనేసింది. అలలు అక్కడే ఉన్నాయి. జవాబు లేదు. వింటోంది, కానీ వినపడదు. చెప్పిన మాట వినే పిల్ల.

మెకానిక్కు వచ్చి చూసి, దానికేముందండి, దీని జ్ఞాపకం చెరిపేస్తే మళ్ళీ కొత్త పిల్లలా లేచొస్తుంది, రెండు నిమిషాల పని అన్నాడు. పిన్ని మెషీను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ సాయంత్రం అక్కకి మొత్తం చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది. రెండుసార్లు అక్క అలవాటు కొద్దీ చెల్లెలి మాట తనే పూర్తిచెయ్యబోయి, నాలిక కరుచుకుంది. అంతా విని, "అది నాన్న మాట కదే," అంది మెల్లిగా. వంటింట్లో కుళాయి సరిగా కట్టినట్టు లేదు, చుక్క చుక్క పడుతోంది, ఎవరూ లేవలేదు.

పిన్ని కొత్త ఆర్డరు వేరేగా రాసింది. పిల్ల కనపడాలి. వినపడాలి. దానికి వద్దు అనడం రావాలి. ఎవరైనా తుపాకి ఎత్తినా, చెడ్డగా మాట్లాడినా, తాళాల గుత్తితో సహా వెళ్ళిపోగలగాలి. వెళ్ళిపోయాక ఆడేవాడు ఎంత బతిమాలినా తలుపులు తెరుచుకోకూడదు. ఎందుకు తెరుచుకోలేదో వాడికి తెలియాలి.

పెద్దాఫీసరు చదివి కళ్ళజోడు తీశాడు. మన ఆఫీసు పని తియ్యడమే గానీ పెట్టడం కాదన్నాడు. ఇలా ఇది కలపండి, అది నేర్పండి అని చెప్పిన ఆర్డరు ఈ గోడల మధ్య పుట్టలేదన్నాడు. చెడ్డవాడేం కాదు, చివరికి ఒక దారి చూపించాడు. గురువారం కమిటీ కూర్చుంటుంది. వాళ్ళ ముందు నిలబడి చెప్పి ఒప్పించుకుంటే ఆయనకేం అభ్యంతరం లేదు. లేదంటే పాత ఆర్డరే మళ్ళీ వెళ్తుంది. కాగితం పంపితే కుదరదు మేడమ్, వాళ్ళు చదవరు, నోటితో చెప్పాలి అన్నాడు. అని, ఎవరితో అంటున్నాడో గుర్తొచ్చి, కిటికీ వైపు చూశాడు.

పాత ఆర్డరే వెళ్తే ఆ పిల్ల మళ్ళీ చీకట్లో, గుండ్ల మధ్య, ఎవరికీ కనపడకుండా తలుపులు పట్టుకుని నిలబడాలి.

అక్క వెంటనే చీరలు తిరగేసింది. "నేనొచ్చి చెప్తాలే. నువ్వు పక్కన నిలబడు చాలు. ఎక్స్ఛేంజ్ గొంతు ఇంకా అరగలేదు."

"వ-వద్దక్కా," అంది పిన్ని. ఇంకో మాట ఉందని తెలుస్తోంది. అక్క ఆగింది, చీర చేతిలో పట్టుకుని, ఈసారి పూర్తిగా ఆగింది. "నేనే."

ఆఫీసులో ఆ మెషీను అలాగే ఉంది. దాన్నే కమిటీ గదిలోకి మోయించుకుపోతుందట, ముందు ఆ నీళ్ళు చూపించి తర్వాత నోరు విప్పుతుందట. అక్క కూతురు కారులో దింపుతుంది. ప్రతి మధ్యాహ్నం భోజనం అయ్యాక పిన్ని ఆ తెర ముందు కూర్చుని వస్తోంది. ఏమీ అనదు. తలుపు తెరుచుకుంటే వెంటనే దాటదు, ముందు నువ్వు వెళ్ళు అన్నట్టు పక్కకి జరుగుతుంది. అలలు కదలవు. నిన్న మాత్రం ఒక అల గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కొచ్చిందని చెప్పింది. అది చెప్పడానికే వీధి చివర మా ఇంటిదాకా నడిచొచ్చింది పాపం.

గురువారం పొద్దున్నే ఆవిడకి మనం ఒక ఫోన్ చెయ్యాలి. ధైర్యం చెప్పడానికేం కాదు, ఆవిడ దగ్గర ఉన్నంత మన దగ్గర లేదు. కమిటీకి ముందు ఒకసారి గొంతు ఆడితే మంచిదని. ఎత్తాక హలో అనడానికి ఎంతసేపైనా పట్టనీ, మధ్యలో ఏమన్నారు అనకుండా, లైన్లో ఉండాలి.